చెవి ఎవరిది?

“చెబితే వచ్చేది కాదు” అనే మాట నేను ముఖ్యంగా రెండు చోట్ల విన్నాను. ఒకటి వంటిల్లు. ఆవకాయలో ఉప్పెంత అని అడిగితే మా అమ్మ అదే అంది, తర్వాత మా అత్తగారూ అదే అన్నారు. రెండోది మచిలీపట్నంలో ఒక కారు షెడ్డు. మాట ఒకటే, అర్థాలు మాత్రం వేరు. వంటింట్లో ఆ మాటకి “అదేం పెద్ద విద్య కాదులే, చేస్తూ పోతే అదే వస్తుంది” అని అర్థం. షెడ్డులో “ఇది అందరికీ అందే విద్య కాదు” అని అర్థం. ఒకే రకమైన జ్ఞానం ఒక చోట తేలికై, మరో చోట ఎందుకు బరువెక్కింది? చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ఈ ప్రశ్న గురించి రాయాలనుకుంటే, దారి కార్బ్యురేటర్ మీదుగా వెళ్ళాల్సి వస్తోంది. సాహిత్య పత్రికలో కార్బ్యురేటరేమిటని విసుక్కోకుండా కాస్త ఓపిక పట్టండి.

మా నాన్న 1969లో కొన్న ఫియట్ 1100 డిలైట్ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అన్నదమ్ములెవరూ వద్దన్నారు కాబట్టి నాకొచ్చిన ఆస్తి అది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. ఇవాళ ఇది ముసలి బండిగా కనిపిస్తుంది గానీ ఒకప్పుడు ఇవే పందేల కార్లు. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే మీద జరిగిన పోటీల్లో, లోపలి భాగాలు మార్చి, కార్బ్యురేటర్లు మార్చి ఈ ఫియట్లనే పరిగెత్తించేవాళ్ళు. నేను చెబుతున్న మేస్త్రి కుర్రతనంలో మద్రాసులో అలాంటి షెడ్డులో పనిచేసి వచ్చాడు. బందరు చుట్టుపక్కల పాత ఫియట్, అంబాసిడర్ ఏది మొరాయించినా ఆయన దగ్గరికే. గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ కూడా తెస్తారు. ఏ వీధిలో ఉంటాడో చెప్పను, పేరూ చెప్పను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

కార్బ్యురేటర్ చేసే పని చెప్పడానికి తేలికే. ఇంజను లోపలికి పీల్చే గాలి ఒక సన్నటి గొంతులోంచి వెళుతుంది. సన్నబడిన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడే పక్కనున్న చిన్న గిన్నెలోంచి పెట్రోలుని పైకి లాగుతుంది. గిన్నెలో పెట్రోలు మట్టం దాటకుండా ఒక ఫ్లోటు కాపలా, ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతి లాంటిదే. ఎంత పెట్రోలు వెళ్ళాలో నిర్ణయించేవి జెట్లు, అంటే వెంట్రుకంత సన్నటి రంధ్రాలున్న ఇత్తడి మరలు. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క పుస్తకంలో ఉంటుంది. అయితే పుస్తకం చదివి బండిని దారిలో పెట్టినవాళ్ళని నేను చూడలేదు.

ట్యూనింగ్ ఇలా చేస్తారు. ముందు ప్లగ్గులూ పాయింట్లూ టైమింగూ చూస్తారు, ఎందుకంటే కార్బ్యురేటర్ మీద వేసే నేరాల్లో సగం నిజానికి కరెంటువి. తర్వాత ఇంజను బాగా వేడెక్కాలి. స్లో స్పీడు మర కాస్త బిగించి, పక్కనున్న రెండో మరని పావు చుట్టు చొప్పున తిప్పుతారు. ఒకవైపు ఎక్కువ తిప్పితే పెట్రోలు చాలక ఇంజను తడబడుతుంది, ఒక్కోసారి వెనక్కి తుమ్ముతుంది. రెండోవైపు ఎక్కువైతే బరువెక్కి, లయ తప్పి ఊగుతుంది, పొగ నల్లబడుతుంది. ఈ రెంటికీ మధ్య, ఒక్క పావు చుట్టు మేర, శబ్దం తేటపడే చోటొకటి ఉంటుంది. అక్కడ ఆపి, స్లో తగ్గించి, మళ్ళీ మొదటి నుంచీ చూస్తారు. రెండు మూడు సార్లు. తర్వాత ఒక చుట్టు తిరిగొచ్చి ప్లగ్గు విప్పితే కొస బిస్కట్ రంగులో ఉండాలి. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే తక్కువ.

చూశారు కదా, దాదాపు అంతా చెప్పేశాను. ‘చెబితే వచ్చేది కాదు’ అన్నది ఇందులో నూటికి తొంభై పాళ్ళకి అబద్ధం. ఆ ‘తేటపడే చోటు’ ఒక్కటే మాటల్లోకి రాదు. అది మాత్రం నిజంగానే రాదు.

తనకు తెలిసిందంతా మనిషి మాటల్లో పెట్టలేడని మైకేల్ పొలానీ 1958లో అచ్చయిన ‘పర్సనల్ నాలెడ్జ్’ నుంచీ వాదిస్తూ వచ్చాడు. సైకిలు తొక్కేవాడు ఏ సూత్రంతో తొక్కుతున్నాడో చెప్పలేడు, అయినా తొక్కుతాడు. అలాంటి జ్ఞానం గురువు పక్కన ఉండి, చూసి, చేసి, చివాట్లు తిని నేర్చుకునేదే తప్ప చదివి నేర్చుకునేది కాదంటాడు. నాకు ఆయన మాట మీద పేచీ లేదు. అక్కడితో ఆగిపోవడం మీద ఉంది. పక్కన ఉండి నేర్చుకోవాలన్నప్పుడు, పక్కన ఉండే అనుమతి ఎవరికుంది? తత్వశాస్త్ర తరగతిలో ఈ ప్రశ్న అడిగితే అది సమాజశాస్త్రం అంటారు, సమాజశాస్త్రంలో అడిగితే నిజమేగానీ గణాంకాలేవీ అంటారు.

మన సిద్ధాంతకర్తలు, 1983లో నాన్సీ హార్ట్‌సాక్ మొదలుకొని, నిలబడిన చోటుని బట్టి లోకం కనిపిస్తుందన్నారు. నేను ఆ మాటని అక్షరాలా వాడుతున్నాను. నిలబడే చోటు అంటే బానెట్ పక్కన రెండడుగుల నేల. అక్కడ బడి మానిపించిన మగపిల్లలు హెల్పర్లుగా నిలబడ్డారు (పిల్లల శ్రమ మీద నిలిచిన విద్య ఇది, ఆ సంగతి దాచిపెట్టి ‘గురుశిష్య పరంపర’ అని మురిసిపోలేం). కారు యజమానులు నిలబడ్డారు. దారిన పోయే మగాళ్ళు కూడా ఆగి, టీ తాగుతూ నిలబడ్డారు. ఆడపిల్ల నిలబడితే మాత్రం “ఏం కావాలమ్మా?” అని అడిగారు. అడిగింది మర్యాదగానే. కానీ ఊరికే నిలబడటానికి కారణం చూపించాల్సిన పని లేకపోవడమే అక్కడ నేర్చుకోవడంలో మొదటి మెట్టు. నాకు ఆ మెట్టు దొరికింది కారు నాది కాబట్టి. ఆస్తి ఉంది కాబట్టి అన్నమాట.

యంత్రాల చరిత్రలో పేరు మిగిలిన ఆడవాళ్ళని చూసినా ఈ నిలబడే చోటే కనిపిస్తుంది. 1888లో బెర్తా బెంజ్ భర్త చేసిన బండిని, ఆయనకు చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నడుపుకుంటూ వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఆ బండికి డబ్బు పెట్టింది తనే, తయారీలో ఏళ్ళ తరబడి పక్కనే ఉంది తనే. పేటెంటు మాత్రం భర్తది. మన తెలుగింటి ఎ. లలిత, పద్దెనిమిదేళ్ళకే చంటిబిడ్డతో భర్తని పోగొట్టుకుని, 1940ల్లో గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. అదే కాలేజీలో తండ్రి ప్రొఫెసరు. ఆమె పట్టుదలని తక్కువ చెయ్యడం లేదు. తలుపు ఏ వైపు నుంచి తెరుచుకుందో చూస్తున్నానంతే.

నాకు అందరికంటే ఇష్టమైన ఉదాహరణ బియాట్రిస్ షిల్లింగ్. ఇది సాక్షాత్తూ కార్బ్యురేటర్ కథే. 1940లో బ్రిటిష్ యుద్ధవిమానాల్లోని మెర్లిన్ ఇంజన్లు ఒక్కసారిగా ముక్కు కిందికి దించితే దగ్గి ఆగిపోయేవి. ఫ్లోటు గిన్నెలో పెట్రోలు చెదిరి ముందు చాలక, వెంటనే ముంచెత్తి, ఊపిరాడనిచ్చేది కాదు. జర్మన్ విమానాల్లో ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే ఏర్పాటు ఉండటంతో వాటికి ఆ బాధ లేదు. ఫార్న్‌బరోలో పనిచేస్తున్న షిల్లింగ్, సరిగ్గా కావలసినంత పెట్రోలే దాటేలా లెక్కకట్టి, మధ్యలో రంధ్రమున్న ఒక చిన్న ఇత్తడి ముక్క తయారుచేసింది. 1941లో తన బృందంతో విమానస్థావరాలకు తిరిగి అమర్చింది. అది పూర్తి పరిష్కారం కాదు, కానీ ప్రాణాలు నిలిపింది. ఆ ముక్కకి మగవాళ్ళు పెట్టిన ముద్దుపేరులో వెకిలితనం ఉంది, దాన్నిక్కడ రాయను. షిల్లింగ్ స్వయంగా మోటారు సైకిల్ పందేల మనిషి. 1934లో బ్రూక్‌లాండ్స్‌లో గంటకు వంద మైళ్ళు దాటి నడిపింది. అంతకు ముందు కథ ఇంకా ముఖ్యం. చదువుకి వెళ్ళకముందు ఆమె పని నేర్చుకున్నది మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే మహిళ నడిపే కరెంటు పనుల సంస్థలో. భర్తా కాదు, తండ్రీ కాదు. ఒక ఆడమనిషి పక్కన నిలబడి నేర్చుకుంది.

ఇక మన షెడ్డుకి వద్దాం. షెడ్డు వెనకగోడే మేస్త్రి ఇంటి వంటగది గోడ. మధ్యలో తలుపు. రెండేళ్ళ పాటు, సెలవుల్లో వెళ్ళి చూస్తూండగా ఒక సంగతి గమనించాను. జెట్లు విప్పాక మేస్త్రి వాటిని ఒక గిన్నెలో వేసి ఆ తలుపు దగ్గర పెడతాడు. కాసేపటికి శుభ్రంగా తిరిగొస్తాయి. లోపల ఆయన భార్య వాటిని పెట్రోలుతో కడిగి, రంధ్రాలని నైలాను వల దారంతో తోముతుంది. అందరూ రాగి తీగ వాడతారు కదా అని అడిగాను. “తీగ ఇత్తడిని తినేస్తుంది మేడం గారూ. బెజ్జం పెద్దదయిపోతే మీ మేస్త్రి గారు ఎన్ని తిప్పినా దారికి రాదు. దారమయితే మెత్తన” అందావిడ. ఇంటికొచ్చి లెక్క వేశాను. అర మిల్లీమీటరు రంధ్రం వందోవంతుల్లో ఐదు పెరిగితే చాలు, దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. బందరులో వల దారానికి కొదవేముంది, కానీ దాన్ని ఈ పనికి తెచ్చిన ఆలోచన ఆవిడది.

రెండో సంగతి గ్రహించడానికి ఇంకొంత కాలం పట్టింది. మేస్త్రికి వినికిడి తగ్గిపోయింది. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికినవాళ్ళకి అది మామూలే. మర తిప్పేటప్పుడు ఆయన తల కొద్దిగా తలుపు వైపు తిరుగుతుంది. గుమ్మంలో ఆవిడ బియ్యం చేటతోనో, ఏమీ లేకుండానో నిలబడి ఉంటుంది. ఇంకా అన్నట్టు చెయ్యి ఊపుతుంది, చాలు అన్నట్టు ఆపుతుంది. ఒకసారి నేనున్నప్పుడే ఒక అంబాసిడర్ వచ్చింది. మేస్త్రి కార్బ్యురేటర్ విప్పబోతుంటే లోపలి నుంచి ఆవిడ “అది కాదు, ఒకటి మిస్ కొడతంది, ముందు ప్లగ్గు వైర్లు చూడు” అంది. వైరు చూస్తే చిట్లి ఉంది. “మా ఇంటావిడకి అన్నీ కావాలి” అని కారాయనతో నవ్వాడు మేస్త్రి. కారాయనా నవ్వాడు. డబ్బులు మేస్త్రి జేబులోకి వెళ్ళాయి.

నేనీ విషయం ఒక స్నేహితురాలికి చెబితే, “అవున్లే, ఎసరు చప్పుడు విని అన్నం సంగతి చెప్పే ఆడవాళ్ళకి ఇంజనొక లెక్కా” అంది. మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం చివుక్కుమంది. మనం తరచూ ఈ పని చేస్తాం. స్త్రీ నేర్పుని వంటింటికో, ఓర్పుకో, స్వభావానికో ముడిపెట్టి గౌరవించామనుకుంటాం. ఆవిడ ఇంజను శబ్దాన్ని ఎసరు దగ్గర నేర్చుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇంజన్ల దగ్గరే నేర్చుకుంది. మొదట్లో లైటు పట్టుకుంది, తర్వాత జెట్లు కడిగింది, ఏ శబ్దానికి ఏది విప్పారో, విప్పాక శబ్దం ఎలా మారిందో గుర్తుపెట్టుకుంది. హెల్పరు చేసే పనే అది. హెల్పరుకి కూలి ఉంటుంది, కొన్నాళ్ళకి ‘మేస్త్రీ’ అనే పిలుపు ఉంటుంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డు నగలకి ఇంట్లో కూర్చుని రాళ్ళు పొదిగే ఆడవాళ్ళ చేతిని కూడా ‘ఓపిక గల చెయ్యి’ అంటారు. ఓపికకి రేటు కట్టరు, నైపుణ్యానికి కడతారు. అందుకే ఆ మాట ఓపిక అయింది.

ఇక్కడ నా వాదం ముగిసిపోతే ఎంత బాగుండేదో! పితృస్వామ్యం ఆమె జ్ఞానాన్ని దోచుకుంది, మనం దాన్ని వెలికి తీశాం అని సంతకం పెట్టెయ్యచ్చు. కానీ ఆ జ్ఞానం ఆ ఇంటికున్న ఒకే ఒక్క ఆస్తి. మేస్త్రి చెవులు వినిపించడం లేదన్న సంగతి బయటపడితే బేరాలు పోతాయి. తగ్గేది ఆవిడ తిండి కూడా. నాకు జీతం వచ్చింది, ఇప్పుడు పెన్షను వస్తోంది. నేను వాళ్ళ పని చూసి, పుస్తకంలో ఎక్కించుకుని, ఒక వ్యాసం చేస్తున్నాను. ‘చెబితే వచ్చేది కాదు’ అని ఆయన చుట్టూ కట్టుకున్న కంచెని స్త్రీగా నేను ప్రశ్నించగలను. కానీ తన విద్య తప్ప ఏమీ లేనివాడు ఆ విద్య చుట్టూ కంచె కట్టుకుంటే, బానెట్ తెరిచిన కారు పక్కన నిలబడి ‘జ్ఞానం అందరిదీ’ అనడం అంత సులువుగా నోటికి రాదు. ఆయన కడుపు కాపాడుతున్నదీ, ఆవిడ పేరు మింగుతున్నదీ ఒకే కంచె. అందుకే ఇది నాకు తేలని ప్రశ్న.

రాస్తానని ఇద్దరినీ అడిగాను. మేస్త్రి “రాసుకోండమ్మా, ఎవరు చదువుతారు” అన్నాడు. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. వారం తర్వాత వెళితే, “ఆయన పేరు రాస్తే నాది కూడా రాయండి. నాది రాస్తే చెవుల సంగతి రాయాలి. అది రాయొద్దు, బేరాలు పోతాయి. పేర్లు లేకుండా అయితే మీ ఇష్టం” అంది. నేను సిద్ధాంతంగా చెప్పలేకపోతున్నది ఆవిడ షరతుగా చెప్పింది. ఇద్దరి పేర్లూ లేకుండా రాస్తున్నాను. ఆమెని అనామకంగా వదిలేసే పాత అలవాటుకి ఇది భిన్నమైనదేనా? ఆయన పేరు కూడా లేదు కాబట్టి కొంచెం భిన్నమే అనుకుంటున్నాను. మీలో కొందరు కాదంటారని తెలుసు.

ఒక సంగతి మాత్రం వేగంగా మారుతోంది. ఆ ఆస్తి విలువే కరిగిపోతోంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీంచి చివరి పద్మిని టాక్సీ వెళ్ళిపోయింది. 2020 నుంచి కొత్త బైకుల్లో కూడా కార్బ్యురేటర్లు దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పటి బండికి వైరు తగిలిస్తే తెర మీద తప్పు కనబడుతుంది, చెవి అక్కర్లేదు. ఆ తెర ముందు కూర్చోవడానికి పాలిటెక్నిక్ చదివిన అమ్మాయికి ఎవరి గుమ్మమూ దాటాల్సిన పని లేదు. కనీసం సూత్రప్రాయంగా. చెప్పడానికి వచ్చే జ్ఞానం మనకి మేలు చేసిన చోటు ఇది. దాన్ని ‘యాంత్రికం’ అని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను కలవలేను.

పాత బండ్లకి మాత్రం చెవి అవసరం మళ్ళీ పెరిగింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఉయ్యూరు చెరకు చూసి పెరిగిన మనకి ఇథనాల్ ఎక్కడ పుడుతుందో చెప్పక్కర్లేదు, ఇప్పుడు బియ్యం నుంచీ తీస్తున్నారు. కిలో ఇథనాల్ కాలడానికి తొమ్మిది కిలోల గాలి చాలు. కాబట్టి పాత కొలతల జెట్టుతో నడిచే బండికి ఇంధనం చాలదు, వేడెక్కుతుంది. కొత్త కార్లు పొగలోని ఆక్సిజన్ చూసుకుని తమంతట తామే సర్దుకుంటాయి. కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు. పైగా ఇథనాల్ తేమని పీలుస్తుంది, మన సముద్రపు గాలిలో తేమకి లోటా! ఫ్లోటు గిన్నె అడుగున తెల్లటి బూజు లాంటి తుప్పు, పాత రబ్బరు వాషర్లు ఉబ్బడం, ఇవన్నీ కిందటి వానాకాలం నా బండిలోనే చూశాను.

జెట్టు ఎంత పెంచాలో కంపెనీ పుస్తకంలో ఉండదు, అది అచ్చయినప్పుడు ఈ పెట్రోలు లేదు. మేస్త్రి ఒక సైజు పెద్దది చాలన్నాడు. ఆవిడ రెండన్నది. రెండూ బిగించి చూశారు, ఒక్కోదానితో చల్లపల్లి దాకా వెళ్ళొచ్చాం. ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టారు. ఈసారి ఆవిడ గుమ్మం దాటి వచ్చి, బానెట్ పక్కన వంగి చూసింది. ఒక సైజు దానికి కొస ఇంకా తెల్లగా ఉంది. మేస్త్రి ఏమీ అనకుండా రెండోది బిగించాడు. ఎంతివ్వాలని ఆవిడని అడిగాను. ఆవిడ ఆయన వైపు చూసింది, ఆయన వినిపించనట్టే ఊరుకున్నాడు. నిజంగా వినిపించలేదేమో. “జెట్టు ఖరీదు ఆయనకివ్వండి, చూసినందుకు మూడొందలు నాకివ్వండి” అంది ఆవిడ, చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ.